పలుచని రేకులో గుండ్రటి రంధ్రం: స్టెప్ డ్రిల్ బిట్ వాడే పద్ధతి

పలుచని రేకులో మామూలు డ్రిల్ బిట్‌తో 10 మి.మీ. మించిన రంధ్రం వేయబోతే అది గుండ్రంగా రాదు, మూడు మూలలు తేలుతుంది. బిట్ మొన రేకు దాటి అవతలికి వెళ్ళే సమయానికి దాని పూర్తి వెడల్పు ఇంకా రేకులోకి దిగదు. మొనకు ఆనుకోవడానికి ఏమీ ఉండదు, బిట్ అటూ ఇటూ ఊగుతుంది. చివర్లో దాని అంచులు రేకును కొరికి పట్టుకుని, రేకునే గిర్రున తిప్పేస్తాయి. ఆ రేకు చేతిలో ఉంటే వేళ్ళు తెగుతాయి.

నేను కంట్రోల్ బాక్సులు, ఎలక్ట్రానిక్స్ డబ్బాలు తయారుచేస్తాను. స్విచ్‌కొక రంధ్రం, ఇండికేటర్ ల్యాంప్‌కొకటి, కేబుల్ గ్లాండ్‌కొకటి (గ్లాండ్ అంటే వైరు డబ్బాలోకి వచ్చే చోట దాన్ని బిగించి పట్టే మరల తొడుగు). ఒక్కో డబ్బాకు ఒక్కో కొలత. ఈ పనిలో నేను ఎక్కువగా నమ్ముకున్న పనిముట్టు స్టెప్ డ్రిల్ బిట్. చాలామంది దీన్ని కొని, మామూలు బిట్ లాగే ఫుల్ స్పీడులో తిప్పి, పదును పోగానే "ఇది పనికిరాదు" అని పక్కన పడేస్తారు. దాన్ని సరిగ్గా వాడితే ఎంత బాగా కోస్తుందో చూసినవాణ్ణి కాబట్టి నాకు ఆ మాట వింటే బాధేస్తుంది.

స్టెప్ బిట్ శంఖం ఆకారంలో ఉంటుంది, దాని మీద మెట్లు. ఒక్కో మెట్టు కిందిదానికంటే 1 లేదా 2 మి.మీ. వెడల్పు ఎక్కువ. ప్రతి మెట్టూ చుట్టూ సన్నని పొరను మాత్రమే కోస్తుంది. ఆ కోత జరుగుతున్నంతసేపూ కింది మెట్టు అప్పటికే వేసిన గుండ్రటి రంధ్రంలో కూర్చుని బిట్‌ను కదలనివ్వదు. రంధ్రం గుండ్రంగా రావడానికీ, రేకును లాక్కోకపోవడానికీ కారణం ఇదే.

కొనేటప్పుడు ఎక్కువగా కనిపించేవి మూడు సైజులు: 4 నుంచి 12, 4 నుంచి 20, 4 నుంచి 32 మి.మీ. మొదటిదానిలో సాధారణంగా మెట్టుకు 1 మి.మీ. తేడా, మిగతా రెండింటిలో 2 మి.మీ. ఒక్కటే కొనాలంటే 4–20 తీసుకోండి. 32 దాకా వెళ్ళేది చూడ్డానికి ఎక్కువ పనికొచ్చేలా కనిపిస్తుంది గానీ, పై మెట్లను తిప్పడానికి చిన్న డ్రిల్ మెషిన్ బలం చాలదు. మీకు ఏ భాగం బిగించాలో ముందే తెలిస్తే ఆ కొలత బిట్‌లో ఉందో లేదో చూసుకుని కొనండి. ఉదాహరణకు పానెల్ మీద బిగించే 22 మి.మీ. పుష్ బటన్లకు నిజానికి 22.3 మి.మీ. రంధ్రం కావాలి. 20 మి.మీ. మరలున్న గ్లాండ్‌కు సరిగ్గా 20 వేస్తే బిగుతుగా పట్టేస్తుంది. 20.5, 22.5 లాంటి మెట్లున్న బిట్లు దొరుకుతాయి. లేకపోతే కింది కొలత వేసి గుండ్రటి ఆకురాయితో కాస్త రాయాలి.

షాంక్, అంటే డ్రిల్ మెషిన్ నోట్లో (చక్‌లో) బిగించే కాడ, మూడు పలకలుగా గానీ ఆరు పలకలుగా గానీ ఉన్నది మంచిది, చక్‌లో జారదు. బంగారు రంగు టైటానియం పూత గురించి చాలా గొప్పగా చెబుతారు. నా దృష్టిలో పూత కంటే లోపలి ఉక్కు ముఖ్యం. మామూలు రేకుకు హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) చాలు. స్టెయిన్‌లెస్ స్టీల్ తరచుగా కోసేవాళ్ళు మాత్రం కోబాల్ట్ కలిసినది తీసుకోవాలి.

ముందు మెట్టు ఎత్తు కొలవండి

పని మొదలుపెట్టే ముందు వెర్నియర్‌తో (మి.మీ.లో భాగాలు కూడా కొలిచే పనిముట్టు) ఒక మెట్టు ఎత్తు కొలవండి. సాధారణంగా 4, 5 మి.మీ. ఉంటుంది. రేకు మందం దానికంటే తక్కువ ఉండాలి. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఏటవాలు భాగం కొంత పోతుంది కాబట్టి, 4 మి.మీ. మెట్టుకు 3 మి.మీ. రేకు హాయిగా సరిపోతుంది. మందం అంతకు మించితే మీరు కోరిన మెట్టు అవతలి వైపుకు చేరేలోగా దాని పై మెట్టు ఇవతలి వైపు కోయడం మొదలుపెడుతుంది. అలాంటి రంధ్రం పైన వెడల్పుగా, కింద ఇరుకుగా ఉంటుంది. మందం కాస్తే ఎక్కువైతే ఒక దారి ఉంది: ముందు పెద్ద బిట్‌కు దారి చూపే చిన్న రంధ్రం (పైలట్) అవతలి దాకా వేసి, ఒక వైపు నుంచి కావలసిన మెట్టు దాకా కోసి, తిప్పి రెండో వైపు నుంచి అదే మెట్టు దాకా కోయాలి. మెట్టు ఎత్తుకు రెండింతల లోపు మందానికి ఇది పనిచేస్తుంది. అంతకంటే మందమైన దానికి మామూలు బిట్ లేదా హోల్ సా (మధ్యలో చిన్న బిట్ ఉండే గుండ్రటి రంపం) వాడండి.

గుర్తు పెట్టడం, బిగించడం

రంధ్రం పడే చోట మాస్కింగ్ టేప్ అంటించి దాని మీద పెన్సిల్‌తో అడ్డగీత, నిలువుగీత గీయండి. పెయింట్ వేసిన డబ్బాలకు ఈ టేప్ తప్పనిసరి, అంచున పెయింట్ రేగకుండా ఆపుతుంది. గీతలు కలిసే చోట సెంటర్ పంచ్‌తో (గుంట చేసే మొనదేలిన ఉలి) ఒక్క దెబ్బ. తర్వాత 3 మి.మీ. మామూలు బిట్‌తో పైలట్ వేయండి. చాలా స్టెప్ బిట్ల మొన తనంతట తాను రంధ్రం మొదలుపెట్టగలదు. అయినా ఇనుప రేకులో నేను పైలట్ వేయకుండా మొదలుపెట్టను. బిట్ మొత్తంలో మొనే సుకుమారమైన భాగం, అది పోతే బిట్ పోయినట్టే.

రేకును క్లాంప్‌తో బల్లకు బిగించండి. కింద చెక్కముక్క పెడితే దానిలో ముందే పెద్ద రంధ్రం ఉండాలి, ఎందుకంటే శంఖం కొన చాలా లోతుకు వెళుతుంది. కళ్ళద్దాలు పెట్టుకోండి. తిరిగే బిట్ దగ్గర గుడ్డ చేతితొడుగులు వద్దు, చుట్టుకుంటే చేతిని కూడా లాక్కుంటాయి. జుట్టు, చొక్కా చేతులు వదులుగా ఉండకూడదు.

స్పీడ్

బిట్ పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. వెడల్పు పెరిగేకొద్దీ బిట్ అంచు వేగం పెరుగుతుంది. 6 మి.మీ. దగ్గర బాగా కోసిన స్పీడే 20 మి.మీ. దగ్గర అంచును మాడ్చేస్తుంది. లెక్క సులువే: నిమిషానికి ఎన్ని మీటర్ల కోత వేగమో దాన్ని 1000తో గుణించి, 3.14తోనూ మి.మీ.లలో వ్యాసంతోనూ భాగిస్తే నిమిషానికి ఎన్ని చుట్లో వస్తుంది. మామూలు ఇనుప రేకుకు హెచ్‌ఎస్‌ఎస్ బిట్‌తో నిమిషానికి 25 మీటర్లు అనుకుంటే, 6 మి.మీ. దగ్గర సుమారు 1300 చుట్లు, 12 దగ్గర 660, 20 దగ్గర 400. స్టెయిన్‌లెస్‌కు 10 మీటర్లే తీసుకోండి, 20 మి.మీ. దగ్గర 160 చుట్లే వస్తాయి. అల్యూమినియంకు 60 మీటర్ల దాకా పోవచ్చు.

బ్యాటరీ డ్రిల్ మెషిన్ అయితే లెక్కలతో పని లేదు. గేర్ 1లో పెట్టి, 10 మి.మీ. దాటాక ట్రిగ్గర్ సగమే నొక్కండి. హ్యామర్ మోడ్ ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉండాలి. పెద్ద మెట్లు పట్టేస్తే మెషిన్ మణికట్టును మెలితిప్పుతుంది కాబట్టి పక్క హ్యాండిల్ బిగించి రెండు చేతులతో పట్టుకోండి.

కోయడం, ఆపడం

కావలసిన మెట్టు మీద చుట్టూ మార్కర్‌తో రంగు పూయండి. తిరిగేటప్పుడు రంగు పట్టీలా కనిపిస్తుంది. నూనె తగిలి చెరిగిపోతే మళ్ళీ పూయాలి. కటింగ్ ఆయిల్ రెండు చుక్కలు వేసి, మెషిన్‌ను నిటారుగా పట్టి, ఒకే తీరుగా నొక్కుతూ పోండి. వాలితే రంధ్రం కోలగా వస్తుంది.

ఇక్కడ చెవిని వాడుకోండి. ప్రతి మెట్టు మొదట్లో మెషిన్ మోత బరువెక్కుతుంది, ఆ మెట్టు పూర్తవగానే ఒక్కసారిగా తేలికవుతుంది. అలా తేలికైన ప్రతిసారీ ఒక మెట్టు లెక్కపెట్టండి. 4–20 బిట్‌లో 4 తొలి మెట్టు, 12 ఐదోది, 20 తొమ్మిదోది. అలవాటైతే కళ్ళు మూసుకున్నా ఏ మెట్టులో ఉన్నారో తెలుస్తుంది. కావలసిన కొలతకు ఒక మెట్టు ముందే ఆపి, బిట్ బయటికి తీసి, రజను దులిపి, మళ్ళీ నూనె వేయండి. చివరి మెట్టు నెమ్మదిగా వేసి, బిగించాల్సిన భాగాన్ని అక్కడే పెట్టి చూసుకోండి. పై మెట్టు ఒక్క క్షణంలో కోసేస్తుంది, పెద్దదైన రంధ్రాన్ని చిన్నది చేయలేం.

కోత పూర్తయ్యాక పై మెట్టు ఏటవాలు అంచును తేలిగ్గా తాకిస్తే పై వైపు బర్, అంటే కోసిన అంచున మిగిలే గరుకు పెళుసు, పోతుంది. ఆ ఒక్క తాకుడుకే అంచు నున్నగా, వేలికి గుచ్చుకోకుండా అవుతుంది. వీలైతే రేకును తిప్పి వెనక వైపూ అదే చేయండి. తిప్పలేని డబ్బా అయితే లోపల అర్ధచంద్రాకారపు ఆకురాయితో రాయాలి. కేబుల్ వెళ్ళే రంధ్రంలో బర్ మిగిలితే అది వైరు తొడుగును రోజూ కొంచెం కొంచెం కోస్తూనే ఉంటుంది. జీఐ (జింక్ పూత ఉన్న) రేకు, పెయింట్ రేకు అయితే కోసిన అంచుకు ప్రైమర్ పూయండి, లేదంటే తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది.

స్టెయిన్‌లెస్ స్టీల్

ఇది మిగతావాటిలా కాదు. బిట్ కోయకుండా రుద్దుకుంటూ తిరిగితే ఆ చోట లోహం గట్టిపడిపోతుంది, మెరిసే వలయం కనిపిస్తుంది. ఇక అక్కడ బిట్ దిగదు, బిట్ పదునే పోతుంది. అందుకే స్పీడ్ తక్కువ, ఒత్తిడి ఎక్కువ, నూనె ధారాళం. మొదలుపెట్టిన మెట్టును పూర్తిచేసే దాకా ఆపకండి. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఆగి బిట్‌ను చల్లారనివ్వండి. రజను పొడవాటి చుట్టలుగా వస్తుంటే అంతా బాగున్నట్టు. పొడిలా వస్తూ కీచుమంటుంటే వెంటనే ఆపి, స్పీడ్ తగ్గించి, ఇంకా గట్టిగా నొక్కాలి.

అల్యూమినియం, ప్లాస్టిక్

అల్యూమినియం సులువుగా తెగుతుంది కానీ మెత్తటి లోహం కాబట్టి బిట్ అంచుకు అతుక్కుంటుంది. అతుక్కున్నది అలాగే ఉంటే రంధ్రం గీతలు పడుతుంది. కిరోసిన్ గానీ పలుచని నూనె గానీ వేసి, రెండు మూడు మెట్లకోసారి బిట్‌ను బ్రష్‌తో తుడవండి.

అక్రిలిక్‌కు స్టెప్ బిట్ ఎంతో నప్పుతుంది. మామూలు బిట్ అవతలి వైపు దాటేటప్పుడు కొరికి పట్టుకుని పగలగొట్టే షీటే, దీనితో పగుళ్ళు లేకుండా వస్తుంది. అయితే అక్రిలిక్ మీద సెంటర్ పంచ్ కొట్టకూడదు, చీలిక అక్కడే మొదలవుతుంది. సూదిమొనతో చేత్తో చిన్న గుంట చేస్తే చాలు. షీటు మీద అంటించి వచ్చే కాపలా కాగితం తీయకండి. బాగా తక్కువ స్పీడ్, తేలికైన ఒత్తిడి. ప్లాస్టిక్ కరిగి బిట్‌కు అంటుకుంటే స్పీడ్ ఎక్కువైనట్టు. పాలీకార్బొనేట్, అక్రిలిక్‌లకు కటింగ్ ఆయిల్ వద్దు, కొన్ని నూనెలు తగిలితే తర్వాత సన్నని పగుళ్ళు వస్తాయి. చల్లార్చడానికి నీళ్ళు చాలు. ఏబీఎస్ ప్లాస్టిక్ డబ్బాల అంచున మిగిలే పోగులను బ్లేడుతో తీసేయవచ్చు.

పలుచని ప్లైవుడ్‌లో పనిచేస్తుంది. మందం చెక్కలో మాత్రం రుద్దుకుని కాలుస్తుంది, దానికి వేరే బిట్లున్నాయి. గాజు, టైల్స్, కాంక్రీట్, వేడిచేసి గట్టిపరచిన ఉక్కు దగ్గరికి దీన్ని తీసుకెళ్ళకండి. ఫైబర్‌గ్లాస్ బోర్డు కోయవచ్చు గానీ దాని పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్క్ పెట్టుకోండి. పదును కూడా త్వరగా పోతుంది.

ఉన్న రంధ్రాన్ని పెద్దది చేయడం

స్టెప్ బిట్ నాకు ఎక్కువగా అక్కరకొచ్చేది ఈ పనిలోనే. 16 మి.మీ. రంధ్రాన్ని 20 చేయాలంటే హోల్ సా మధ్య బిట్‌కు పట్టు దొరకదు, మామూలు బిట్ అంచుల్ని చీలుస్తుంది. స్టెప్ బిట్ పాత రంధ్రంలోకి దిగి తనే మధ్యకు సర్దుకుంటుంది.

వైరింగ్ అయిపోయిన పానెల్‌లో అయితే ముందు కరెంటు పూర్తిగా తీసేసి, టెస్టర్‌తో చూసుకోండి. వెనక బిట్ కొనకు తగలకుండా వైర్లు పక్కకు కట్టండి. లోపలి వైపు రజను పట్టడానికి గుడ్డ గానీ, టేపుతో అంటించిన కాగితపు సంచి గానీ పెట్టండి. ఇనుప రజనును మాగ్నెట్‌తో ఏరవచ్చు, అల్యూమినియం రజను మాగ్నెట్‌కు రాదు, వాక్యూమ్‌తోనే తీయాలి. కాంటాక్టర్ (కరెంటును కలిపి, తెంపే పెద్ద స్విచ్) మధ్యలో పడిన ఒక్క చిన్న ముక్క చాలు, షార్ట్ అవడానికి.

పదును తగ్గిందని తెలిశాక, బిట్ నీలం రంగుకు మారకముందే సానపెట్టండి. డైమండ్ ఫైల్‌తో గాడి లోపలి చదును ముఖాన్ని మాత్రమే, అది ఉన్న వాలులోనే, రెండు వైపులా సమానంగా రాయాలి. మెట్ల వెలుపలి అంచును ఎప్పుడూ ముట్టకండి, అక్కడ రాస్తే కొలతలు మారిపోతాయి. అంచు ముక్కలుగా ఊడినా, నీలిరంగు లోపలిదాకా ఎక్కినా ఆ బిట్‌ను ప్లాస్టిక్ పనికి పక్కన పెట్టుకుని ఇనుముకు కొత్తది తీసుకోండి.