రిలీజ్ వారంలో ఎడిటర్‌లోంచి కోడ్ నడిపేవాళ్లకు జాగ్రత్తలు

ఈమాక్స్ అనే ఎడిటర్‌లో క్లోజర్ భాషలో కోడ్ రాసేవాళ్లకు ఒక సుఖం ఉంది. ఫంక్షన్ మార్చి కంట్రోల్-ఎక్స్ కంట్రోల్-ఈ కొడితే చాలు, జవాబు అక్కడే కనిపిస్తుంది. సర్వర్ ఆపి మళ్లీ లేపే పనే లేదు. రిలీజ్ దగ్గర పడ్డప్పుడు కొంప ముంచేదీ ఆ సుఖమే.

మొన్న నేను ‘కాల్క్-ట్యాక్స్’ అనే ఫంక్షన్ పేరు ‘ట్యాక్స్-టోటల్’గా మార్చాను. ఒకచోట మాత్రం పాత పేరే ఉండిపోయింది. అయినా నా దగ్గర టెస్టులన్నీ పాస్! ఫైల్లో పాత పేరు చెరిపేశాను గానీ, పొద్దుటి నుంచి నడుస్తున్న రెప్ల్ (కోడ్ పంపితే అప్పటికప్పుడు నడిపి జవాబిచ్చే ప్రాసెస్) మాత్రం దాన్ని మర్చిపోలేదు. ఫైల్ మొత్తం మళ్లీ లోడ్ చేసినా అది పోదు. పక్క సీటు అమ్మాయి కోడ్ దించుకుని నడిపితే కంపైల్ దగ్గరే ఆగిపోయింది. అప్పటి నుంచి కోడ్‌ని అందరి రిపోకి పంపే (పుష్ చేసే) ముందు రెప్ల్ చంపేసి, టెర్మినల్లో కొత్త ప్రాసెస్‌తో టెస్టులు నడుపుతున్నాను. రెండు నిమిషాలు పోతే పోనీ. రెప్ల్‌లోంచి ఒక్క పేరే తీసేయాలంటే ఎన్‌ఎస్-అన్‌మ్యాప్ అనే ఫంక్షన్ ఉంది, కానీ ఏ పేర్లు మార్చామో సాయంత్రానికి ఎవరికి గుర్తుంటుంది?

ఈమాక్స్ సెట్టింగ్‌లు రాసే భాష ఈమాక్స్ లిస్ప్‌లోనూ ఇలాంటి తిరకాసే. డెఫ్‌వార్ (వేరియబుల్‌కు మొదటి విలువ ఇచ్చే లైన్)లో విలువ మార్చి, బఫర్ (ఎడిటర్‌లో తెరిచిన ఫైల్) మొత్తం ఎవాల్ చేస్తే, అంటే నడిపితే, పాత విలువే ఉంటుంది. కర్సర్ దాని మీద పెట్టి కంట్రోల్-మెటా-ఎక్స్ (మెటా అంటే ఆల్ట్ కీ) కొడితేనే మారుతుంది.

డేటా చెరిపే లైన్లు ఫైల్లో ఊరికే వదిలేయకండి. క్లోజర్ ఫైల్లో కంట్రోల్-సీ కంట్రోల్-కే కొట్టారంటే ఫైల్ మొత్తం లోడవుతుంది, ఆ లైనూ నడిచిపోతుంది. కామెంట్ ఫారమ్, అంటే (comment ...) బ్రాకెట్ల లోపల పెడితే లోడ్‌లో నడవదు, కావాలని కర్సర్ పెట్టి నడిపితేనే నడుస్తుంది.

డేటాబేస్ మీద నడిపే ఎస్‌క్యూఎల్ ఎడిటర్లయితే నాకు ఇంకా భయం. పై లైన్లో ‘డిలీట్ ఫ్రమ్ ఆర్డర్స్’, కింది లైన్లో ఏ వరసలు చెరపాలో చెప్పే ‘వేర్’. మౌస్‌తో పై లైన్ ఒక్కటే సెలెక్ట్ చేసి రన్ నొక్కితే టేబుల్ ఖాళీ. చాలా ఎడిటర్లు సెలెక్ట్ చేసినంతే నడుపుతాయి, మిగతాది అడగవు. ముందు బిగిన్ కొట్టి డిలీట్ నడపండి, ఎన్ని వరసలు పోయాయో చూడండి, లెక్క సరిపోతేనే కమిట్ (ఖాయం చేయడం). లేదంటే వెనక్కి తెచ్చే రోల్‌బ్యాక్ ఎలాగూ ఉంది.

ఎక్కడికి కనెక్టయ్యారో కూడా ప్రతిసారీ చూసుకోవాలి. ప్రొడక్షన్ (వాడుకరులు నిజంగా వాడే సర్వర్) రెప్ల్ తెరిచి ఉంటే, మోడ్‌లైన్ అనే కింది పట్టీ ఎర్రగా మారేలా పెట్టుకున్నాను. చూడ్డానికి ఎబ్బెట్టుగానే ఉంటుంది, ఉండనీండి. ఎడిటర్ నెట్‌వర్క్ మీద కనెక్టయ్యే రెప్ల్ సర్వర్ ఎన్‌రెప్ల్‌కు మామూలుగా పాస్‌వర్డ్ ఉండదు, పోర్ట్ దొరికినవాడు ఏ కోడైనా నడపగలడు. అందుకే దాన్ని 127.0.0.1 (ఆ మెషిన్‌కే అందే అడ్రస్) మీదే ఉంచి, బయటి నుంచి ఎస్‌ఎస్‌హెచ్ టనెల్ (లాగిన్ అయ్యాక తెరుచుకునే భద్రమైన దారి)లో వెళ్లండి.

ఆర్గ్ ఫైళ్లలో (ఈమాక్స్‌లో నోట్సు, కోడ్ కలిపి రాసుకునేవి) కోడ్ నడిపే ముందు ‘నిజంగానా?’ అని అడిగేదాన్ని విసుగుపుట్టి ఆపేయకండి, ముఖ్యంగా వేరేవాళ్లు పంపిన ఫైళ్లకు. ఈమాక్స్ 30.1 కంటే పాతదైతే అప్‌డేట్ చేసుకోండి. అంతకుముందు వెర్షన్లలో ముక్కూమొహం తెలియని లిస్ప్ ఫైల్ తెరిచి కంప్లీషన్ (సగం టైప్ చేసిన పేరు పూర్తి చేసేది) వాడితే చాలు, మాక్రోల (కోడ్ తయారుచేసే కోడ్) దారిన కోడ్ నడిచే లోపం ఉండేది.

అంతులేని సీక్వెన్స్ ప్రింట్ చేసి ఎడిటర్ బిగుసుకుపోతే టెన్షన్ పడి కిల్ కొట్టకండి. సైడర్ (ఈమాక్స్‌ను క్లోజర్ రెప్ల్‌తో కలిపే ప్యాకేజీ)లో కంట్రోల్-సీ కంట్రోల్-బీ, ఈమాక్స్ లిస్ప్‌లో కంట్రోల్-జీ కొడితే నడుస్తున్నది ఆగుతుంది. సేవ్ చేయని బఫర్లు బతుకుతాయి.