చోడి, వరి, గట్టు గడ్డి: అగ్గి తెగులు శిలీంధ్రాలను డీఎన్ఏతో వేరు చేయడం

విజయనగరం జిల్లాలో వరి మడి, ఆ పైమెట్టలో చోడి, నడుమ గట్టు మీద గడ్డి ఉన్నచోట, మూడింటి ఆకులపైనా నూలుకండె ఆకారంలో, మధ్యలో బూడిదరంగు, అంచున గోధుమరంగు తిరిగిన మచ్చలు కనిపించవచ్చు. గట్టు గడ్డి మీది తెగులే చోడికి పాకిందా అన్న రైతు ప్రశ్నకు సూక్ష్మదర్శిని ఒక్కటే జవాబు చెప్పలేదు; ఈ శిలీంధ్రాల సిద్ధబీజాలన్నీ మూడు గదులతో, బేరిపండు ఆకారంలోనే ఉంటాయి.

మచ్చలున్న ఆకులను పొలానికొక కాగితపు కవరులో సేకరించాలి. పాలిథీన్ సంచిలో చెమ్మ పట్టి వేరే బూజులు కమ్ముతాయి. గడ్డి ఏదో అక్కడే గుర్తించి, ఊరు, పంట, రకం, తేదీలతో పాటు కవరుపై పెన్సిలుతో రాయాలి, ఎందుకంటే తుది జవాబు ఆ గడ్డి ఏదన్న దానిపైనే ఆధారపడుతుంది. ఆకు ముక్కలను తడి వడపోత కాగితంపై రాత్రంతా ఉంచి, పుట్టిన సిద్ధబీజాలలో ఒక్కదానినే సన్నని సూదితో ఎత్తి అగార్‌ అనే జెల్లీ లాంటి పోషక మాధ్యమంపై పెంచాలి. ఇక్కడ ఓపిక పట్టకపోతే, రెండు శిలీంధ్రాలు కలిసి పెరిగిన కల్చర్ తర్వాతి పరీక్షలన్నిటినీ తప్పుదారి పట్టిస్తుంది.

సీటాబ్ అనే రసాయనాన్ని వాడే పద్ధతిలో డీఎన్ఏ తీసి, మొదట శిలీంధ్రాలను గుర్తించడానికి వాడే ఐటిఎస్ అనే డీఎన్ఏ భాగాన్ని పీసీఆర్‌తో (డీఎన్ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పద్ధతి) పెంచి, సీక్వెన్స్ చేయించాలి, అంటే దాని అక్షరక్రమం చదివించాలి. అది అగ్గి తెగులు కలిగించే పిరికులేరియానా, లేక గోధుమమచ్చ తెగులు కలిగించే బైపోలారిసా అన్నది దీనితో తేలుతుంది. అంతటితో జాతి పేరు రాసేయడం సరికాదని నా గట్టి అభిప్రాయం. పిరికులేరియాలో గ్రిసియా, ఒరైజె అనేవి రెండు జాతులు. 2002లో డిజిటేరియా అనే గడ్డి మీది గ్రిసియా నుంచి ఒరైజెను వేరుచేసింది యాక్టిన్, బీటా-ట్యుబ్యులిన్, కాల్మోడ్యులిన్ జన్యువులు, వాటినే చదవాలి. డీఎన్ఏ సీక్వెన్సులను భద్రపరిచే జన్‌బ్యాంక్‌ అనే బహిరంగ డేటాబేస్‌లోని పాత నమోదులలో ఒరైజె కూడా గ్రిసియా పేరుతోనే ఉండవచ్చు కనుక, పేరును కాక, ఏ మొక్క నుంచి తీశారో చూడాలి.

వరి, చోడి శిలీంధ్రాలు రెండూ ఒరైజెయే కనుక, ఈ జన్యువులు వాటిని విడదీస్తాయని ఆశించకూడదు. అందుకు పాట్2 రెప్-పీసీఆర్ (శిలీంధ్రపు డీఎన్ఏలో పలుచోట్ల పునరావృతమయ్యే పాట్2 అనే భాగం ఆధారంగా చేసే పీసీఆర్) చేసినప్పుడు జెల్‌పై వచ్చే డీఎన్ఏ పట్టీల నమూనా కావాలి. చోడి శిలీంధ్రాలలో చాలావాటిలో గ్రాస్‌హాపర్ అనే రెట్రోట్రాన్స్‌పోజాన్ (తన నకలును జన్యుపదార్థంలో మరోచోట చేర్చుకునే డీఎన్ఏ ముక్క) ఉంటుంది, వరివాటిలో కనబడదు. అది ఉంటే బలమైన ఆధారమే, లేకపోతే మాత్రం దేనికీ రుజువు కాదు. ప్రతి జెల్‌లోనూ ముందే గుర్తించిన వరి, చోడి శిలీంధ్రాల నమూనాలు, పోలిక కోసం డీఎన్ఏ లేని నీటి గొట్టం తప్పనిసరి. నీటి వరుసలో పట్టీ కనిపిస్తే ఆ పరీక్ష మొత్తం మళ్లీ చేయాలి.

గట్టు గడ్డి డిజిటేరియా అయి, శిలీంధ్రం గ్రిసియాగా తేలితే, చోడి తెగులుకు మూలం వేరేచోట వెతకాలి. గడ్డి చోడికి దగ్గరి బంధువైన తిప్పరాగి అయి, పట్టీలు చోడివాటితో సరిపోతే, ఆ సిద్ధబీజాలను చోడి నారుపై పిచికారీ చేసి మచ్చలు వస్తాయో లేదో చూసిన తర్వాతే రైతుకు జవాబు చెప్పాలి.