ఇంకుడు గుంతకు ముందు ఒక బకెట్ నీళ్లు, ఒక హార్లిక్స్ సీసా

మా తమ్ముడిది నల్లగొండ దగ్గర ఎర్ర చెల్క నేల. వాళ్ల ఇంకుడు గుంత ఎంత వానకు నిండినా తెల్లవారేసరికి ఖాళీ. అది చూసి వచ్చి నరసరావుపేటలో మా పెరట్లోనూ అవే కొలతలతో తవ్వించాను. మేస్త్రీ ముందే అన్నాడు: "అమ్మా, ఇది రేగడి. నీళ్లు మింగదు, ఉబ్బుతుంది." ముప్పై ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని, వింటానా? మొదటి పెద్ద వానకు నిండిన గుంత వారమైనా దిగలేదు. నీటి పైన దోమపిల్లలు గిలగిల్లాడాయి. వేసవికి నేల ఎండి కుంచించుకుపోయేసరికి పక్కనున్న ప్రహరీ గోడలో రూపాయి బిళ్ల దూరేంత బీట. మీరు తవ్వించే ముందు చూసుకోవలసినవి ఇవి. వీటికి పెద్దగా ఖర్చు కాదు.

మొదట మట్టి. గుంత ఎంత లోతు అనుకుంటున్నారో అంత లోతు నుంచి మట్టి తీయాలి. పై అడుగు మట్టి ఇల్లు కట్టినప్పుడు లారీలో వచ్చిందై ఉంటుంది, దాన్ని నమ్మవద్దు. ఖాళీ హార్లిక్స్ సీసాలో మూడో వంతు ఆ మట్టి చిదిపి పోసి, నిండా నీళ్లు పోయండి. చిటికెడు బట్టల సబ్బు పొడి వేస్తే రేణువులు విడివిడిగా అవుతాయి. మూత బిగించి ఐదు నిమిషాలు బాగా కుదిపి, కదలని చోట పెట్టండి. ఇసుక నిమిషంలో కూర్చుంటుంది. ఒండ్రు రెండు మూడు గంటలు తీసుకుంటుంది. బంకమట్టికి రోజులు పడుతుంది. తమ్ముడింటి సీసాలో మేము టీ తాగి కప్పులు కడిగే లోపే సగానికి పైగా ఇసుక తేరింది. మా సీసాలో అడుగున వేలెడు మందం కూడా లేదు, మూడో రోజుకీ నీళ్లు మబ్బుగానే ఉన్నాయి.

తర్వాత ఇంకే వేగం. గుంత పెట్టదలచిన చోట రెండు మూడు అడుగులు దిగి, అక్కడ అడుగు వెడల్పు, అడుగు లోతు చిన్న గొయ్యి తీయండి. నిండా నీళ్లు పోయండి. ఆ రోజు ఏమీ కొలవకండి. నేను బోర్లాపడింది ఇక్కడే. మే నెలలో నల్లరేగడి నెర్రెలు విచ్చి ఉంటుంది. పోసిన బకెట్ పోసినట్టే మాయమవుతుంది, భలే నేల అనిపిస్తుంది. ఆ నీళ్లు పోయింది నెర్రెల్లోకి. రాత్రంతా నానితే మట్టి ఉబ్బి ఆ దారులన్నీ మూసేస్తుంది. అందుకని సాయంత్రం రెండు మూడుసార్లు నింపి వదిలేసి, మర్నాడు పొద్దున మళ్లీ నింపి, పిల్లల స్కేలు ఒకటి అంచున గుచ్చి గంట తర్వాత చూడండి. తమ్ముడింట్లో గంటకు పన్నెండు సెంటీమీటర్లు దిగింది. మా పెరట్లో ఐదు మిల్లీమీటర్లు. గంటకు సెంటీమీటరు కూడా దిగకపోతే ఆ లోతులో గుంత మాట మానుకోవాలి. మూడు దాటితే ధైర్యంగా తవ్వుకోవచ్చు. మధ్యలో ఉంటే మీ వీధిలో బోరు వేసినప్పుడు ఎన్ని అడుగులకు మొరం తగిలిందో కనుక్కోండి. రేగడి పొర పలచనై కింద మొరం ఉంటే అక్కడిదాకా దిగితే సరిపోతుంది.

చౌడు అనుమానం ఉన్నవాళ్లు ఎండిన మట్టి బెడ్డను గాజు గ్లాసులోని వాన నీటిలో మెల్లగా వదలండి, కలపకండి. బెడ్డ చుట్టూ పాలు ఒలికినట్టు మబ్బు పాకితే అది కారు చౌడు లక్షణం. అలాంటి మట్టి తడవగానే కరిగి తన రంధ్రాలను తానే పూడ్చుకుంటుంది. జిప్సం వేసి బాగుచేయడం పొలానికి సరే, గుంతకు నేనైతే సాహసించను.

వర్షాకాలంలో పక్క బావిలో నీరు పది అడుగుల లోపే కనబడే చోట కూడా గుంత దండగ. కోనసీమలో మా వియ్యంకుల ఇంట్లో చేంతాడు రెండు బారలు కూడా అక్కర్లేదు. అక్కడ నీళ్లు ఇంకడానికి చోటేది?

ఇక నీళ్ల సంగతి. ఆకాశం నుంచి దిగేటప్పుడు వాన నీటిలో లవణాలు దాదాపు ఉండవు. మా టీడీఎస్ మీటరు వాన నీటికి 22 చూపించింది, మా బోరు నీటికి 1400. అయితే ఆ మీటరు చెప్పేది కరిగిన లవణాల మొత్తం మాత్రమే. పావురాల రెట్టలోని క్రిములనూ, నల్లగొండ వైపు పళ్లను గార పట్టించే ఫ్లోరైడునూ విడిగా పట్టుకోలేదు. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. గుంత తవ్వాం కదా, మన బోరులో ఫ్లోరైడు తగ్గిపోతుందిలే అని తమ్ముడు అనుకున్నాడు. భూమిలోకి వెళ్లిన నీరు మన బోరు దగ్గరే కూర్చోదు, ఆ రాళ్లతో మళ్లీ కలుస్తుంది. తాగడానికైతే డాబా నీటిని నేరుగా ట్యాంకులో పట్టుకోమన్నాను.

లెక్క సులువు. చదరపు మీటరు మీద మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. 120 గజాల డాబా అంటే సుమారు వంద చదరపు మీటర్లు. రెండు సెంటీమీటర్ల వానకు రెండు వేల లీటర్లు పడతాయి, కారడం, ఆవిరవడం పోగా 1600 దక్కుతాయనుకోండి. అందులో మొదటి రెండు వందల లీటర్లు పారబోయాలి. డాబా కడిగిన నీళ్లవి. ఆ మళ్లింపునకు గొట్టం చివర ఒక వాల్వు చాలు. తర్వాత వచ్చే నీళ్లు గాజు గ్లాసులో పట్టి, వెనక పేపరు పెట్టి చూడండి. చిన్న అక్షరాలు చదవగలిగితే ట్యాంకులోకి వదలవచ్చు. ఆస్బెస్టాస్ రేకుల మీద నీళ్లు మొక్కలకే. తాగే నీటికి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు కలిపి అరగంట ఆగాలి. ఏడాది కిందటి పొట్లం పనికిరాదు, దాని ఘాటు పోయి ఉంటుంది.

గుంతలోకి పంపే నీటికి శత్రువు బురద. వాకిలి, పశువుల పాక, బట్టలుతికే బండ నుంచి వచ్చే నీళ్లను గుంతలోకి రానివ్వవద్దు, బోరు కేసింగులోకి అసలే వద్దు. సెప్టిక్ ట్యాంకుకు కనీసం యాభై అడుగుల దూరం ఉండాలి, ఇంటి పునాదికి పది అడుగులు. అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద నలభై ఎంఎం కంకర, ఆపైన ఇరవై ఎంఎం, అన్నిటికన్నా పైన ముతక ఇసుక. కంకర కడిగి వేయించండి. క్రషర్ నుంచి వచ్చిన రాతి పొడి మొదటి వానకే అడుక్కు దిగి సిమెంటులా పేరుకుంటుంది. ఇంకో సంగతి: ఐదడుగుల చదరం, ఆరడుగుల లోతు గుంతలో నాలుగు వేల లీటర్లు పడతాయని చెబుతారు. రాళ్లు నింపాక మిగిలే ఖాళీ సుమారు మూడో వంతే. పదిహేను వందలు పడితే సంతోషించండి.

నా గుంత పూడ్చేసి, అక్కడికి దూరంగా దిమ్మ మీద మూడు వేల లీటర్ల ట్యాంకు పెట్టించాను. సంపు వద్దన్నాను, రేగడి ఉబ్బినప్పుడల్లా అది పగులుతుంది. ఈసారి మేస్త్రీని అడిగే కట్టించాను. దిమ్మ కింద నాలుగడుగుల రేగడి తీసి మొరం నింపాడు. తమ్ముడు మాత్రం ఏటా మృగశిర కార్తెకు ముందు గుంతలో పై ఇసుక నాలుగు అంగుళాలు గీకి, కడిగి మళ్లీ పరుస్తాడు. ఒక ఏడాది బద్ధకించాడు. ఆ ఏడు గుంత ఖాళీ కావడానికి రెండు రోజులు పట్టింది.