బెంగళూరు మారతహళ్లిలో సాయంత్రం జిమ్‌కి బయల్దేరే ముందు

ఇక్కడి పీజీ హాస్టళ్లలో ఉండే మనవాళ్లలో చాలామంది ఆఫీసు అయ్యాకే జిమ్‌కి వెళ్తారు. అందరూ ఒకేసారి రావడంతో రద్దీ ఎక్కువ. గది తాళం వేసే ముందే ఇవి చూసుకోండి.

– రెండు టవళ్లు: ఒకటి ఒంటికి, ఒకటి బెంచీ మీద పరుచుకోడానికి. మొన్న నేను పడుకోబోయిన బెంచీ మీద ఎవరి వీపుదో చెమట అచ్చు, ఇంకా తడిగానే ఉంది. లేచేటప్పుడు తుడిస్తే పది సెకన్ల పని. చాలా బాధేసింది.

– వేరే జత బూట్లు. వానాకాలం బురద లోపలికి తేకండి.

– ఇయర్‌ఫోన్స్ ఛార్జింగ్.

బరువుల దగ్గర మాత్రం మర్యాద ఒక్కటే కాదు, ప్రాణాల సంగతి. ప్లేట్లు తగిలించే పెద్ద ఇనుప కడ్డీ, అంటే ఒలింపిక్ బార్ ఒక్కటే 20 కిలోలు. బార్‌ని ఆనించే చట్రం (రాక్) మీద ఉండగా ఒకవైపు ప్లేట్లన్నీ తీసేస్తే రెండోవైపు బరువుకి బార్ తిరగబడి పక్కనున్నవాళ్ల మీద పడొచ్చు. అటొకటి, ఇటొకటి తీయండి. తీసినవి స్టాండులో పెట్టండి. మీరు నేల మీద వదిలిన 20 కిలోల ప్లేటును తర్వాత వచ్చే పెద్దాయన వంగి ఎత్తాల్సి వస్తుంది.

మెషీన్ మీద కూర్చుని రీల్స్ చూడొద్దు. ఎవరైనా వాడుతుంటే "ఇన్నూ ఎష్టు సెట్ ఇదె అణ్ణా?" (ఇంకా ఎన్ని సెట్లున్నాయి అన్నా?) అని కన్నడలో అడగండి, నవ్వుతూ చోటిస్తారు. అడగనిదే సలహాలివ్వకండి, ముఖ్యంగా ఆడపిల్లలకి. దెబ్బ తగిలేలా ఉంటే ట్రైనర్‌ని పిలవండి.

జలుబు, జ్వరం ఉన్నరోజు వెళ్లకండి.