ఆఫ్రికా గాయకుల దారిలో షేర్ల మదుపు: బెంగళూరులో కొత్తగా మొదలుపెట్టేవారికి

మారతహళ్లి, బెళ్లందూరు, కె.ఆర్.పురం ప్రాంతాల్లో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మన తెలుగు పిల్లలకు షేర్ల గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు నేను బ్యాలెన్స్ షీటుతో మొదలుపెట్టను. వారి ఫోన్లలో రోజూ మోగే నైజీరియా, దక్షిణాఫ్రికా పాటలతో మొదలుపెడతాను. ఒక పని బాగుండటం, అది జనానికి తెలియడం, తెలిశాక దానికి ధర పలకడం అనే మూడూ ఒకేసారి జరగవన్న సంగతి ఆ గాయకుల ప్రయాణాల్లో చాలా స్పష్టంగా కనిపిస్తుంది. షేర్లలో డబ్బు పోగొట్టుకునేవారిలో ఎక్కువమంది ఈ మూడింటినీ ఒకటిగా కలిపేసుకున్నవారే. ఈ వ్యాసంలో ప్రస్తావించిన ఏ కంపెనీ షేరునూ కొనమని గానీ అమ్మమని గానీ చెప్పడం నా ఉద్దేశం కాదు.

ముందుగా షేరు అంటే ఏమిటో తేల్చుకోవాలి. షేరంటే కంపెనీలో ఒక చిన్న వాటా. నైజీరియా సంగీత నిర్మాత డాన్ జాజీ 2012లో మావిన్ రికార్డ్స్ అనే సంస్థను స్థాపించారు. రెమా, ఐరా స్టార్ వంటి గాయకులు ఆ సంస్థ ద్వారానే ప్రపంచానికి పరిచయమయ్యారు. 2024లో యూనివర్సల్ మ్యూజిక్ గ్రూప్ ఆ సంస్థలో సగానికి మించిన వాటా కొనేందుకు ముందుకొచ్చింది. అప్పటికే రికార్డయిన పాటల మీద వచ్చే ఆదాయంలో, ఇకముందు రాబోయే గాయకుల సంపాదనలో, ఆ సంస్థను నడిపేవారి నేర్పులో భాగం కోసం యూనివర్సల్ డబ్బు పెట్టింది. ఆ యూనివర్సల్ షేర్లు కూడా 2021 నుంచి ఆమ్‌స్టర్‌డామ్ స్టాక్ ఎక్స్ఛేంజీలో (షేర్లు కొని అమ్మే సంతలో) అమ్ముడవుతున్నాయి కాబట్టి, దానిలో ఒక్క షేరు ఉన్నవారికైనా రెమా పాటల రాబడిలో అణువంత భాగం ఉన్నట్టే. మీరు ఆ పాటను వెయ్యిసార్లు విన్నా మీకు పైసా రాదు, వాటా ఉన్నవారికి వస్తుంది. ఒక కంపెనీ సరుకు మీకు నచ్చడం, ఆ కంపెనీలో మీకు వాటా ఉండటం అంత వేరు.

ఒక్క ఏడాది హోరు, నలభై ఏళ్ల పాట

దక్షిణాఫ్రికాకు చెందిన మాస్టర్ కేజీ, గాయని నోంసెబో జికోడేతో కలిసి 2019 చివర్లో ‘జెరూసలేమా’ విడుదల చేశారు. 2020లో కోవిడ్ మూలంగా ప్రపంచమంతా తలుపులు మూసుకున్న వేళ, ఆసుపత్రి సిబ్బంది మొదలు మతగురువుల వరకూ ఎందరో ఆ పాటకు అడుగులు కలిపి వీడియోలు పెట్టారు. పాట గొప్పదే, సందేహం లేదు. అయితే ఆ ఒక్క ఏడాది లెక్కను పట్టుకుని వచ్చే పదేళ్లూ ఇంతే ఆదాయం ఉంటుందని ఎవరైనా ఒప్పందం రాసుకుంటే అది తెలివైన పని అనిపించుకోదు. అదే కాలంలో మన దేశంలో రోగ నిర్ధారణ ల్యాబుల ఆదాయం కోవిడ్ పరీక్షల వల్ల ఒక్కసారిగా పెరిగి, ఆ పరీక్షలు తగ్గగానే పలచబడింది. పెరిగిన ఏడాది లాభాన్ని చూసి, అదే వాటి మామూలు స్థాయి అనుకుని కొన్నవారు చేసింది సరిగ్గా ఆ ఒప్పందం లాంటిదే.

దీనికి పూర్తిగా ఎదురుగా కనిపించే ఉదాహరణ బెనిన్ దేశంలో పుట్టిన ఆంజెలిక్ కిజో. 1980లలోనే పారిస్ చేరి పాడుతూ వచ్చిన ఆమెకు అమెరికా సంగీత పురస్కారమైన గ్రామీ తొలిసారి 2008లో దక్కింది, ఇప్పటికి అలాంటివి ఐదు ఉన్నాయి. 2020లో ఆమెకు గ్రామీ వచ్చిన విభాగంలోనే నైజీరియా గాయకుడు బర్నా బాయ్ కూడా పోటీలో ఉండి ఓడిపోయారు. వేదిక మీద ఆమె ఆ అవార్డును ఆయనకే అంకితమిచ్చారు, మరుసటి ఏడాది అది ఆయనకే వచ్చింది. 2020 ఫలితం ఒక్కటే చూసి బర్నా బాయ్‌ని తీసిపారేసినవారికి, ఒక్క త్రైమాసికం లాభం తగ్గిందని మంచి షేరును అమ్ముకునేవారికి పెద్ద తేడా లేదు.

కాబట్టి ఏ కంపెనీనైనా కనీసం పదేళ్ల లెక్కలతో చూడండి. వార్షిక నివేదికలు మన స్టాక్ ఎక్స్ఛేంజీలైన ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. అమ్మకాలు ఏటా పెరుగుతున్నాయా, లాభం అసలు వ్యాపారం నుంచి వస్తోందా లేక స్థలం అమ్మడం వల్ల ‘ఇతర ఆదాయం’ కింద వచ్చి పడిందా, కాగితం మీది లాభానికి తగినట్టు చేతికి నగదు అందుతోందా, అప్పు ఎంత ఉంది అనే ప్రశ్నలకు జవాబులు రాసుకోవాలి. వీటిలో నగదు ప్రవాహాన్ని చాలామంది దాటవేస్తారు. నా దృష్టిలో ముందుగా చదవాల్సిన పేజీ అదే.

అవార్డు వచ్చిన మర్నాటి ధర

దక్షిణాఫ్రికా గాయని టైలా పాడిన ‘వాటర్’ 2023లో వచ్చింది. 2024 ఫిబ్రవరిలో, ఆఫ్రికా సంగీతం కోసం గ్రామీలో కొత్తగా పెట్టిన విభాగంలో తొలి అవార్డు ఆ పాటకే దక్కింది. ఆ పాట రాకముందు ఆమెతో ఒప్పందం కుదుర్చుకున్నవారు చెల్లించే మొత్తం, అవార్డు వచ్చిన మర్నాడు తలుపు తట్టినవారు చెల్లించాల్సిన మొత్తం ఒకటి కావు. గొంతు మాత్రం అదే.

షేర్లలో ఈ తేడాను కొలవడానికి పీఈ నిష్పత్తి ఉపయోగపడుతుంది. ఒక్కో షేరుకు కంపెనీ ఏడాదికి సంపాదించిన లాభంతో షేరు ధరను భాగిస్తే వచ్చేదే పీఈ. ఒక కంపెనీ షేరుకు రూ.20 లాభం సంపాదిస్తూ రూ.400 ధర పలికితే పీఈ 20 అవుతుంది. అందరూ ఎగబడటం వల్ల అదే షేరు రూ.1,600కు చేరితే పీఈ 80. ఆ ధరకు మీరు కొన్నారనుకోండి. మీరు ఊహించినట్టుగానే కొన్నేళ్లలో లాభం రెట్టింపై షేరుకు రూ.40 అయింది, అయితే హోరు తగ్గి పీఈ 25కు దిగింది. అప్పుడు షేరు ధర రూ.1,000. కంపెనీ విషయంలో మీ అంచనా పూర్తిగా నిజమైనా, షేరుకు రూ.600 నష్టం మీదే. కొత్తవారికి ఈ లెక్క ఒక్కసారి చెబితే సరిపోదు, కాగితం మీద తమ చేత్తో తామే వేసుకుంటేనే మనసుకు పడుతుంది.

ఎవరూ పట్టించుకోని దశ ఇందుకు భిన్నంగా ఉంటుంది. నైజీరియా గాయకుడు సీకే పాడిన ‘లవ్ న్వాంటిటి’ 2019లో విడుదలైతే, చిన్న వీడియోల ద్వారా ప్రపంచమంతా పాకింది 2021లో. మన బెంగళూరులోనూ ఇలాంటి కథ ఉంది. 1981లో పుణెలో పుట్టి 1983లో ఈ ఊరికి మారిన ఇన్ఫోసిస్, 1993లో ఒక్కోటి రూ.95కు షేర్లు జారీ చేసినప్పుడు కొనేవారు చాలక, అమెరికా బ్యాంకు మోర్గాన్ స్టాన్లీ వాటా తీసుకోవడంతో ఆ ఇష్యూ గట్టెక్కింది. ఇలాంటి కథలు విన్నప్పుడు ఒళ్లు పులకరించడం సహజమే గానీ, 2019లో విడుదలై ఈనాటికీ ఎవరూ వినని పాటలు ఎన్నో ఉన్నాయని, వాటి కథలు మనకు చెప్పేవారే లేరని మరిచిపోకూడదు. చౌకగా ఉండటం ఒక్కటే కొనడానికి కారణం కాదు.

రెమా పాట ‘కామ్ డౌన్’లో అమెరికా గాయని సెలీనా గోమెజ్ గొంతు కలిపాక, ఆ రూపం 2023లో అమెరికా పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో మూడో స్థానం దాకా వెళ్లింది. జంటగా వచ్చిన విజయంలో ఎవరి భాగం ఎంత అని అడగడం మదుపరి పని. అలాగే కంపెనీ ఆదాయంలో ఎంత శాతం ఒకే ఖాతాదారు (క్లయింటు) నుంచి వస్తోందో చూడాలి. మన ఐటీ కంపెనీల్లో చాలావరకు తమ పెద్ద ఖాతాదారుల వాటాను త్రైమాసిక ఫలితాలతో పాటు ప్రకటిస్తాయి.

అందరూ ఒకే ఊరి గాయకులైతే

బర్నా బాయ్, విజ్‌కిడ్, డేవిడో, రెమా అని నలుగురి పాటలు పెట్టుకుని ఆఫ్రికా సంగీతమంతా వింటున్నామనుకుంటే పొరపాటు, వారంతా నైజీరియా ఆఫ్రోబీట్స్ అనే సంగీత శైలికి చెందినవారే. జొహానెస్‌బర్గ్ చుట్టుపక్కల పెరిగిన అమాపియానో, టాంజానియాలో డైమండ్ ప్లాట్నమ్జ్ పాడే బొంగో ఫ్లావా, సెనెగల్‌లో యూసూ ఎన్‌డూర్ ప్రపంచానికి చేర్చిన ఎంబలాక్స్, అల్జీరియా రై అన్నీ వేర్వేరు సంగీత శైలులు. ఒకదాని మోజు తగ్గినంత మాత్రాన మరొకటి తగ్గదు.

ఈ మాట బెంగళూరు ఉద్యోగులకు మరింత వర్తిస్తుంది. జీతం సాఫ్ట్‌వేర్ నుంచి, కంపెనీ ఇచ్చిన షేర్లు సాఫ్ట్‌వేర్‌లో, తెలిసిన రంగమని సొంతంగా కొన్న షేర్లూ సాఫ్ట్‌వేర్‌లోనే, ఈఎంఐ కడుతున్న వైట్‌ఫీల్డ్ ఫ్లాటు ధర కూడా చివరికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల మీదే ఆధారపడి ఉంటుంది. ఆ రంగానికి గడ్డుకాలం వస్తే నాలుగూ ఒకేసారి కదులుతాయి. అందుకే కొత్తవారు ఎన్‌ఎస్‌ఈలోని యాభై పెద్ద కంపెనీల జాబితాను అనుసరించే నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో నెలనెలా కొంత సిప్ పద్ధతిలో వేయడంతో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. ప్రమోటర్ల (కంపెనీని నడిపించే యజమానుల) దగ్గర ఉన్నవి పోను మార్కెట్లో కొనడానికి దొరికే షేర్ల మొత్తం విలువ ఎక్కువగా ఉన్న కంపెనీకి అందులో ఎక్కువ చోటు దక్కుతుంది. ఏడాదికి రెండుసార్లు జాబితాను సమీక్షించి, వెనకబడినవాటిని తీసి ఎదిగినవాటిని చేరుస్తారు. అయితే నిఫ్టీలోనూ ఐటీ కంపెనీలుంటాయని గుర్తుంచుకుని, మీ కంపెనీ ఇచ్చిన షేర్లను అవకాశం వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం తగ్గించుకోవాలి.

ఖాతా, కొనుగోలు, జాగ్రత్తలు

పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా, ఆధార్‌తో జతపడిన ఫోను నంబరు ఉంటే మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వద్ద నమోదైన బ్రోకరు ద్వారా, కొనడానికి అమ్మడానికి ట్రేడింగ్ ఖాతా, షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచుకోవడానికి డీమ్యాట్ ఖాతా ఇంటి నుంచే తెరవవచ్చు. మీ షేర్లు ఉండేది బ్రోకరు దగ్గర కాదు, ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ డిపాజిటరీలో. అవి పంపే స్టేట్‌మెంటును బ్రోకరు యాప్‌తో పోల్చి చూసుకోవాలి. నామినీ పేరు మొదటిరోజే రాయండి. కొనేటప్పుడు ‘డెలివరీ’ (షేర్లు మీ ఖాతాకే చేరే పద్ధతి) ఎంచుకుని, అప్పటికి దొరికిన ధరకు కొనే మార్కెట్ ఆర్డరు బదులు మీరు ఇవ్వదలచిన ధరతో లిమిట్ ఆర్డరు పెట్టాలి. సోమవారం కొన్న షేరు, మర్నాడు మార్కెట్ సెలవు కాకపోతే, మంగళవారానికి డీమ్యాట్ ఖాతాలో చేరుతుంది.

షేర్ల ధరలు మున్ముందు ఎటు కదులుతాయన్న దానిపై కుదుర్చుకునే ఒప్పందాలైన ఫ్యూచర్స్, ఆప్షన్ల జోలికి కొత్తవారు వెళ్లకూడదు. 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల లెక్కలు తీస్తే, వాటిలో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని సెబీ అధ్యయనమే తేల్చింది. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో సలహాలిచ్చేవారి నమోదు సంఖ్యను సెబీ వెబ్‌సైట్లో సరిచూడకుండా రూపాయి కూడా పంపవద్దు.

గాయకులతో పోలిక ఒకచోట ఆగిపోతుంది. పాట బాగుందో లేదో మన చెవులే చెబుతాయి, కంపెనీ విషయంలో మనం చూసేది ఇతరులు రాసిన లెక్కలను. మన హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ 2008లో మంచి కార్పొరేట్ పాలనకుగాను గోల్డెన్ పీకాక్ పురస్కారం అందుకుంది. 2009 జనవరి 7న ఛైర్మన్ స్వయంగా లెక్కల్లో మోసాన్ని ఒప్పుకున్నాక, ఆ ఒక్కరోజే షేరు విలువలో నాలుగింట మూడు వంతులకు పైగా తుడిచిపెట్టుకుపోయింది. ఆడిటరు మధ్యలో తప్పుకోవడం, ప్రమోటర్లు తమ షేర్లను తాకట్టు పెట్టడం, లాభం పెరుగుతున్నా నగదు రాకపోవడం కనిపిస్తే ధర ఎంత ఆకర్షణీయంగా ఉన్నా దూరంగా ఉండాలి, చేతిలో ఉంటే అమ్మడం గురించి ఆలోచించాలి. వ్యాపారంలో ఏ మార్పూ లేకుండా ధర మాత్రమే పడితే అది అమ్మడానికి కారణం కాదు.

అమ్మేటప్పుడు పన్ను లెక్క కూడా చూసుకోవాలి. 2024 జూలై 23 నుంచి, ఎక్స్ఛేంజీలో షేర్లను కొన్న ఏడాదిలోపు అమ్మితే లాభంపై 20 శాతం, ఏడాది దాటాక అమ్మితే ఆర్థిక సంవత్సరంలో రూ.1.25 లక్షలకు మించిన లాభంపై 12.5 శాతం పన్ను పడుతుంది. నష్టం వచ్చినా గడువులోపు రిటర్ను దాఖలు చేస్తే ఆ నష్టాన్ని ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకెళ్లి, తర్వాతి సంవత్సరాల లాభాల నుంచి తగ్గించుకోవచ్చు. ఏడాదిలోపు అమ్మకాల నష్టాన్ని రెండు రకాల లాభాల నుంచీ, ఏడాది దాటిన వాటి నష్టాన్ని దీర్ఘకాలిక లాభాల నుంచి మాత్రమే మినహాయిస్తారు.