ప్రభుత్వ ల్యాబ్‌లో ఉన్న టెక్నాలజీ తీసుకుని ప్రొడక్ట్ చెయ్యడం ఎలా: సజ్జ పిండితో చెప్తాను

ఓటు వేశాక వేలికి పూసే ఇంకు ఉంది కదా, అది ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీ ఫార్ములా, 1962 నుంచి తయారుచేస్తున్నది మాత్రం మైసూరు పెయింట్స్ వాళ్ళు. గేదె పాలతో పసిపిల్లల పాలపొడి చెయ్యడం మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ కనిపెడితే అమూల్ దాన్ని ఇళ్ళకి చేర్చింది. మన పన్నుల డబ్బుతో జరిగిన రీసెర్చ్ మన చేతికి రావాలంటే మధ్యలో ఎవరో ఒకరు పూనుకోవాలి, అది పెద్ద కంపెనీయే అవ్వక్కర్లేదు, రైతు సంఘం, డ్వాక్రా గ్రూపు, చదువు అయిపోయిన నలుగురు ఫ్రెండ్స్ కూడా చెయ్యొచ్చు.

ముందు టెక్నాలజీ లిస్టులు తిరగెయ్యకండి, సమస్య పట్టుకోండి. సజ్జ పిండి సంగతే చూడండి. గింజ నెలల తరబడి బాగానే ఉంటుంది, పిండి పట్టించిన కొద్ది రోజులకే చేదెక్కి ముక్కిపోయిన వాసన వస్తుంది, అందుకే షాపులవాళ్ళు పెట్టుకోవడానికి భయపడతారు. కారణం ఏంటంటే సజ్జల్లో నూనె సుమారు 5 శాతం ఉంటుంది, గింజ పగలగానే లైపేజ్ అనే ఎంజైమ్ ఆ నూనె మీద పడి దాన్ని విడగొట్టడం మొదలుపెడుతుంది. గింజని మరిగే నీళ్ళలో కాసేపు ఉంచి తీసి బాగా ఆరబెట్టి అప్పుడు పట్టిస్తే ఆ ఎంజైమ్ చాలావరకు చచ్చిపోతుంది, పిండి ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఇది సైంటిస్టులు ఎప్పుడో తేల్చేసిన విషయం, మనం కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు.

ఎక్కడ వెతకాలి అంటే చిరుధాన్యాలకి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఐఐఎంఆర్ ఉంది, దానికి న్యూట్రీహబ్ అనే ఇంక్యుబేటర్ (కొత్తగా వ్యాపారం మొదలుపెట్టేవాళ్ళకి సాయం చేసే కేంద్రం) కూడా ఉంది. మిగతా ఫుడ్ ఏదైనా సీఎఫ్‌టీఆర్‌ఐ, కెమికల్స్ అయితే తార్నాక ఐఐసీటీ. సీఎస్ఐఆర్ లాంటి ప్రభుత్వ పరిశోధన సంస్థల ల్యాబుల టెక్నాలజీలు లైసెన్స్‌కి ఇప్పించే ప్రభుత్వ సంస్థ ఎన్ఆర్‌డీసీ 1953 నుంచి ఉంది, వ్యవసాయ పరిశోధనలకి అగ్రిన్నోవేట్ ఉంది.

వెళ్ళాక బ్రోషర్ తీసుకుని వచ్చెయ్యకండి, మీ కళ్ళ ముందు ఒకసారి చేసి చూపించమనండి. ఎన్ని కిలోల బ్యాచ్ మీద చేశారు, ఏ రకం గింజతో చేశారు, మెషిన్ ఎవరు తయారుచేస్తారు, ఇంతకుముందు ఎవరైనా తీసుకున్నారా అని అడగండి. తీసుకున్నవాళ్ళు ఉంటే వాళ్ళకి తప్పకుండా ఫోన్ చెయ్యండి, ఆ ఒక్క ఫోన్ కాల్‌లో తెలిసేది ఏ డాక్యుమెంట్‌లోనూ ఉండదు.

పేటెంట్ గురించి చాలామంది అనవసరంగా భయపడతారు. పేటెంట్ ఏ దేశంలో తీసుకుంటే ఆ దేశం వరకే, అమెరికాలో ఉండి ఇండియాలో లేకపోతే ఇక్కడ చేసుకుని ఇక్కడ అమ్ముకోవచ్చు. 20 ఏళ్ళు దాటినా, మధ్యలో రెన్యువల్ ఫీజు కట్టకపోయినా హక్కు పోతుంది. ఇండియన్ పేటెంట్ ఆఫీస్ సైట్‌లో ఫ్రీగా వెతుక్కోవచ్చు, కాకపోతే డబ్బు పెట్టేముందు ఒకసారి పేటెంట్ ఏజెంట్‌కి చూపించండి. రీసెర్చ్ చేసింది మీరే అయితే పేపర్ పబ్లిష్ అవ్వకముందే ఫైల్ చెయ్యండి, ప్రొవిజనల్ (తాత్కాలిక అప్లికేషన్) వేస్తే పూర్తి అప్లికేషన్‌కి 12 నెలలు టైమ్ ఉంటుంది.

లైసెన్స్‌లో సాధారణంగా ముందు ఒక ఫీజు, తర్వాత అమ్మకాల మీద రాయల్టీ ఉంటాయి, జీఎస్టీ అదనం. చిన్న యూనిట్‌కి నాన్ ఎక్స్‌క్లూజివ్ (అదే టెక్నాలజీ వేరేవాళ్ళకీ ఇచ్చే లైసెన్స్) చాలు, మీకొక్కరికే హక్కు కావాలంటే ఖర్చు బాగా పెరుగుతుంది. ట్రైనింగ్ ఎన్ని రోజులు, ఎంతమందికి, మన యూనిట్‌లో మొదటి బ్యాచ్ తీసేటప్పుడు సైంటిస్ట్ వస్తారా, మనం చేసిన మార్పులు ఎవరివి, ఇవన్నీ సంతకానికి ముందే రాయించుకోండి. ప్యాకెట్ మీద ల్యాబ్ పేరు, లోగో రాతపూర్వక పర్మిషన్ లేకుండా వెయ్యకూడదు.

అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. ల్యాబ్‌లో రెండు కిలోలు ముంచితే నీళ్ళ వేడి పెద్దగా తగ్గదు, మీరు ఒకేసారి యాభై కిలోలు వేస్తే మరిగే నీళ్ళు కాస్తా చల్లబడిపోతాయి, పైపైన గింజకి వేడి తగిలి మధ్యలో ఉన్నది అలాగే ఉండిపోతుంది, పిండి చూడ్డానికి బాగుంటుంది గానీ కొన్నాళ్ళకి అదే చేదు. అందుకని చిల్లుల బుట్టల్లో కొంచెం కొంచెం ముంచండి, థర్మామీటర్ నీళ్ళలో కాదు గింజల మధ్యలో పెట్టి చూడండి. ఆరబెట్టడం ఇంకా పెద్ద తలనొప్పి, వానాకాలంలో ఎండని నమ్ముకుంటే బూజు పడుతుంది, ఒక చిన్న ట్రే డ్రయ్యర్ తప్పదు, మాయిశ్చర్ మీటర్ చూడకుండా ఏ బ్యాచ్‌నీ మిల్లుకి పంపొద్దు.

అలాగని మొదట్లోనే అన్ని మెషిన్లూ కొనెయ్యకండి. హైదరాబాద్ కంపెనీ శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్ బి వ్యాక్సిన్ తెచ్చింది కదా, వాళ్ళు తొలిరోజుల్లో పని చేసింది ఉస్మానియా యూనివర్సిటీలో, ప్రభుత్వ పరిశోధన సంస్థ సీసీఎంబీలో. మీరూ ఇంక్యుబేటర్‌లో అద్దెకి మెషిన్లు వాడుకుని ఒక సీజన్ నడపండి. లోన్‌కి వెళ్ళేముందు చిన్న ఫుడ్ యూనిట్లకి ఇచ్చే పీఎంఎఫ్ఎంఈ లాంటి సబ్సిడీ మీ జిల్లాలో ఇప్పుడు ఇస్తున్నారో లేదో కనుక్కోండి, 2020లో మొదలైనప్పుడు అందులో ప్రాజెక్ట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు ఇచ్చేవాళ్ళు.

అమ్మేముందు ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ కావాలి, యూనిట్ పెద్దదైతే లైసెన్స్. నిలవ పరీక్ష కూడా మీ పిండి మీద, మీరు వాడే కవర్‌లోనే చేయించండి, ల్యాబ్ రిపోర్ట్‌లో ఉన్న తేదీని తెచ్చి మీ ప్యాకెట్ మీద అచ్చెయ్యడం కొన్నవాళ్ళని మోసం చెయ్యడమే. ఒకే బ్యాచ్ ప్యాకెట్లు మామూలు గదిలో పెట్టి వారానికొకటి విప్పి వాసన చూసి, రొట్టె చేసి తిని రాసుకోండి, అప్పుడప్పుడు ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపి ఫ్రీ ఫ్యాటీ యాసిడ్స్ (నూనె విడిపోతే వచ్చేవి), తేమ చూపించండి. రొట్టె ఏ వారం చేదనిపించిందో దానికి బాగా ముందే మీ గడువు తేదీ ఉండాలి. ప్రతి ప్యాకెట్ మీద బ్యాచ్ నంబర్ వెయ్యండి, ఆ నంబర్ ఎదురుగా గింజ ఏ రైతు దగ్గర కొన్నారు, నీళ్ళ వేడి ఎంత, ఎంతసేపు ముంచారు అన్నీ పుస్తకంలో ఉండాలి, రేపు ఒక ప్యాకెట్ వెనక్కి వస్తే సైంటిస్ట్ మిమ్మల్ని మొట్టమొదట అడిగేది ఆ పుస్తకమే.