చిన్న కంప్యూటర్ క్యాబినెట్ కొనేటప్పుడు పైరేకు ఎట్ల చూడల్ల: మన ఎండకి, మన దుమ్ముకి తగ్గట్టు

ప్రాసెసర్ ఏది, గ్రాఫిక్స్ కార్డు ఏది అని నెలరోజులు కిందామీదా పడేవాళ్ళు కూడా క్యాబినెట్ దగ్గరికొచ్చేసరికి ఫొటో చూసి ఆర్డర్ పెట్టేస్తారు. పెద్ద టవర్ క్యాబినెట్ అయితే ఎట్లో ఒకట్ల నడిచిపోతుంది, లోపల ఖాళీ ఎక్కువ కాబట్టి. చిన్నదాంట్లో అట్ల కుదరదు, గాలి పోవల్సింది దాని రేకులోంచే, దుమ్ము ఆగల్సింది దాని దగ్గరే, కార్డు బరువు మోయల్సింది కూడా అదే. పైగా మన అనంతపురం, కర్నూలు, కడపలో మే నెల వచ్చిందంటే బయట 42, 43 డిగ్రీలు, మధ్యాహ్నం ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చున్నా గాలి వేడిగానే కొడుతుంది. క్యాబినెట్ ఫ్యాన్లు ఎన్ని పెట్టినా లోపలి వేడి గదిలో గాలికంటే కిందికి దిగదు, గది 10 డిగ్రీలు ఎక్కువ ఉందంటే లోపల సామాన్లు కూడా దగ్గరదగ్గర అంతే ఎక్కువ కాగుతాయి. ఏసీ గదిలో పెట్టి టెస్ట్ చేసినోళ్ళ నంబర్లు మనకు అట్లే వస్తాయనుకోవద్దు. అందుకే ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే, ముందు రంధ్రాలు చూడండి, తర్వాత రేకు చూడండి, అందం ఆ తర్వాత.

సైజు సంగతి తొందరగా చెప్పేస్తా. చిన్న క్యాబినెట్లని లీటర్లలో లెక్కేస్తారు, పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే వచ్చేదే లీటర్లు. 35, 20, 25 అయితే 17.5 లీటర్లు. మామూలు టవర్ 40 లీటర్లు దాటుతుంది. 20 లీటర్ల లోపలివాటిలో ఎక్కువగా మినీ ఐటీఎక్స్ అనే చిన్న సైజు మదర్‌బోర్డే పడుతుంది, అది 170 మి.మీ.కి 170 మి.మీ. చదరం. దానికంటే పెద్దదైన మైక్రో ఏటీఎక్స్ బోర్డు అయితే 244కి 244, దానికి కొంచెం పెద్ద డబ్బా కావల్ల. కొందరు కాళ్ళు, బయటికి పొడుచుకొచ్చిన ముక్కలు కలపకుండా లీటర్లు చెప్తారు, కాబట్టి పెట్టే చోటు కొలిచేటప్పుడు మొత్తం కొలతలే చూసుకోండి. వెనక వైర్లు వంగేదానికి ఇంకో నాలుగు వేళ్ళ చోటు వదలండి.

ఇంక రంధ్రాలు. ముందువైపు గాజో ప్లాస్టిక్కో మొత్తం మూసేసి, పక్కన సన్న సందు మాత్రం వదిలిన మోడల్ ఎంత అందంగా ఉన్నా మన ఊర్లకి వద్దు. గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు ఏవైపుంటాయో ఆ వైపు రేకుకి పూర్తిగా జాలీ ఉండల్ల, కార్డు బయట గాలి నేరుగా పీల్చుకోవల్ల. పైన కూడా తెరిచి ఉంటే మంచిది, వేడి గాలి పైకే పోతుంది కాబట్టి. రంధ్రం సైజు కూడా చూడండి, మరీ పెద్దవైతే దుమ్ముకి అడ్డే ఉండదు, మరీ సన్నవైతే ఫ్యాన్ గట్టిగా తిరగాల్సొచ్చి గుయ్యిమని అరుస్తుంది. నాకు నచ్చేది ఏందంటే రేకుకి ఓ మోస్తరు రంధ్రాలుండి, దాని వెనక ఊడదీసి కడుక్కునే నైలాన్ ఫిల్టర్ ఉండడం. అయస్కాంతంతో అంటుకునేదైతే ఇంకా సుఖం, లాగితే వచ్చేస్తుంది. స్క్రూలు విప్పితే గానీ ఫిల్టర్ బయటికి రాదంటే దాన్ని ఎవరూ కడగరు, ఆర్నెల్లకి అదే గాలికి అడ్డం పడుతుంది.

మన దిక్కు దుమ్ము గురించి వేరేవాళ్ళకి చెప్పినా అర్థం కాదు. ఆషాఢం గాలి మొదలైందంటే కిటికీలు మూసినా టేబుల్ మీద ఎర్రగా పొర పడుతుంది, రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు కదా. అందుకే ఒక పరీక్ష చెప్తా, తప్పకుండా చేయండి. ఏ సామాను ఎక్కించకముందే, రాత్రిపూట లైట్లన్నీ ఆర్పేసి, ఫోన్ టార్చ్ వెలిగించి ఖాళీ క్యాబినెట్ లోపల పెట్టి అన్ని రేకులూ మూసేయండి. యాడెక్కడ వెలుతురు బయటికి గీతలాగా వస్తుందో, అదంతా ఫిల్టర్ లేకుండా దుమ్ము దూరే దారే. వెనక కార్డులు బిగించే స్లాట్ల దగ్గర కొంచెం రావడం మామూలే. కానీ పక్కరేకు అంచు ఒక చివర అతుక్కుని ఇంకో చివర అగ్గిపుల్ల దూరేంత తెరుచుకుందంటే ఫ్రేమే వంకరగా ఉందని అర్థం, అది స్క్రూ బిగిస్తే పోయేది కాదు, వెంటనే వాపస్ పెట్టేయండి. సన్న సందులకైతే తర్వాత ఫోమ్ టేపు అంటించుకోవచ్చు, లోపలికి గాలి తోసే ఫ్యాన్లు బయటికి లాగేవాటికంటే బలంగా ఉండేట్టు పెట్టుకుంటే ఆ సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, దుమ్ము లోపలికి రాదు.

రేకు మందం. ఎక్కువ క్యాబినెట్లు జింకు పూత వేసిన ఉక్కు రేకుతోనే చేస్తారు, కాగితం మీద ఎస్ఈసీసీ అని రాసుంటారు. 0.5 మి.మీ. నుంచి 1 మి.మీ. దాకా వస్తుంది. పెద్ద టవర్‌కి 0.5 అంటే వెడల్పాటి రేకు డబడబలాడుతుంది, అదే మందం చిన్న క్యాబినెట్‌లో కొంచెం గట్టిగానే అనిపిస్తుంది, రేకు పొట్టిది కాబట్టి వంగేదానికి చోటు తక్కువ. అందుకని నంబర్ ఒక్కటే చూసి తీసిపారేయద్దు, చేత్తో చూడండి. పక్కరేకు నడిమధ్యలో బొటనవేలితో నొక్కండి, కొంచెం లోపలికి పోయి తిరిగొస్తే పర్వాలేదు, టక్‌మని సొట్టపడి మళ్ళీ టక్‌మని లేస్తే అది ఫ్యాన్ తిరిగేటప్పుడు కూడా అట్లే మోగుతుంది. తర్వాత రేకులన్నీ తీసేసి ఉత్త ఫ్రేమ్‌ని ఎదురెదురు మూలలు పట్టుకుని మెల్లగా మెలిపెట్టి చూడండి. మంచి ఫ్రేమ్ కదలదు. కదిలిందంటే రేపు కిలో పైన బరువుండే కార్డు బిగించాక స్లాట్లు వరసకి రావు, స్క్రూ సగానికే ఆగిపోతుంది. అల్యూమినియం అని చెప్పి అమ్మితే ఒక అయస్కాంతం దగ్గర పెట్టండి, అంటుకుంటే ఉక్కే. ఉక్కు తక్కువని కాదు, బోల్డంత మంచి క్యాబినెట్లు ఉక్కువే, కానీ అల్యూమినియం డబ్బులు తీసుకుని ఉక్కు ఇస్తే అడగల్ల కదా.

అంచులు చూసేదానికి పాత నూలు తువ్వాల చాలు. లోపలి అంచుల మీద, డ్రైవ్ తగిలించే చోట, పవర్ సప్లై దూరే రంధ్రం చుట్టూ తువ్వాలని లాగుతా పోండి, దారం యాడ పట్టుకుంటే ఆడ రేకు అంచు కోసుంది, రేపు మీ వేలు కూడా ఆడే తెగుతుంది, లేదంటే వైరు పైతొడుగు గీసుకుపోతుంది. మంచి కంపెనీలు ఈ అంచుల్ని మడిచేస్తాయి. వెనక స్లాట్ మూతలు కూడా చూడండి, స్క్రూతో ఊడేవైతే మళ్ళీ పెట్టుకోవచ్చు, విరిచి తీసేవైతే ఒకసారి తీస్తే అంతే, ఆ బొక్కలోంచి బల్లి దూరడం మన ఇళ్ళల్లో కొత్తేం కాదు. స్క్రూల్లో రెండు రకాలొస్తాయి, లావు మరది ఒకటి, ఎం3 అనే సన్న మరది ఒకటి. ఒకటి దూరేచోట ఇంకొకటి బలవంతంగా తిప్పితే పల్చటి రేకులో మర అరిగిపోతుంది, మళ్ళీ బిగవదు, కాబట్టి మొదటి రెండు చుట్లు చేత్తోనే తిప్పండి.

గాజు కావాలనుకునేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి, చిన్న క్యాబినెట్‌లో గాజు పెట్టినవైపు గాలి పూర్తిగా బంద్. కూలర్ మాస్టర్ ఎన్ఆర్200పీ లాంటి దాంట్లో గాజు రేకు, జాలీ రేకు రెండూ ఇస్తారు, అట్లాంటిదైతే ఎండాకాలం జాలీ, చలికాలం గాజు వేసుకోవచ్చు, మన ఊర్లకి సరిగ్గా సరిపోయే ఏర్పాటు. ఇంక టెంపర్డ్ గాజు నడిమధ్యలో గట్టిగానే ఉంటుంది గానీ మూల, అంచు మాత్రం చాలా సున్నితం. ఊడదీసి టైల్స్ మీదో కడప బండ మీదో నిలబెట్టారంటే చిన్న తాకుడుకే మొత్తం ముక్కముక్కలైపోతుంది. దుప్పటి పరిచి పడుకోబెట్టండి, నిలబెట్టనే వద్దు.

యూఎస్‌బీ పోర్టుల్లో పెన్‌డ్రైవ్ పెట్టి అటూఇటూ కొంచెం ఆడించండి, పోర్టు కదిలితే లోపల బోర్డుని స్క్రూతో కాకుండా ప్లాస్టిక్ కొక్కెంతో నిలబెట్టారని లెక్క. పవర్ బటన్ నడుమ కాకుండా అంచు మీద నొక్కండి, ఇరుక్కోకుండా తిరిగి రావల్ల.

ఇంకొకటి, దీన్ని ఎవరూ క్యాబినెట్ విషయంగా చూడరు. రేకు డబ్బా ముట్టుకుంటే వేలికి జిల్లుమని చిమచిమ అంటుందా? క్యాబినెట్ చెడిపోయిందని దాన్నే మార్చేస్తుంటారు, ఎక్కువసార్లు తప్పు ఎర్తింగ్‌ది. పవర్ సప్లైలో ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి, వాటిలోంచి కొంచెం కరెంటు పైరేకు మీదికొస్తుంది, ఎర్త్ ఉంటే అది భూమిలోకి పోతుంది, లేకపోతే మీ వేలిలోంచి పోతుంది. మన నేల ఎండాకాలం బాగా ఎండిపోతుంది, ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఎర్త్ గుంత కూడా తడారిపోయి సరిగ్గా పనిచేయదు, వేసవిలో దాంట్లో అప్పుడప్పుడు నీళ్ళు పోయండి. అప్పటికీ చిమచిమ తగ్గకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. మూడు పిన్నుల ప్లగ్గుకి రెండు పిన్నుల కన్వర్టర్ పెట్టి మాత్రం అస్సలు నడపద్దు.

పెట్టే చోటు. మన ఇళ్ళల్లో గోడలో కడప బండల అరలుంటాయి కదా, క్యాబినెట్ అందులో సరిగ్గా ఇమిడిందని సంబరపడి తోసేస్తారు. మూడుపక్కలా గోడే, వెనక నుంచి వదిలిన వేడి గాలి తిరిగి ముందుకే వచ్చి లోపలికి పోతుంది. అరలోనే పెట్టాలంటే పక్కలకి జానెడు, వెనక జానెడు వదలండి, లేదంటే టేబుల్ మీద పెట్టుకోండి. కాళ్ళు రబ్బరువో కాదో చూడండి, నున్నటి బండ మీద ప్లాస్టిక్ కాళ్ళు జారతాయి, ఫ్యాన్ వణుకు బండకెక్కి గుర్రుమంటుంది. కింద నుంచి గాలి పీల్చే మోడల్ అయితే కాళ్ళ ఎత్తు రెండు వేళ్ళన్నా ఉండల్ల.

కంప్యూటర్ సామాన్ల కొట్లుండే చోట్లకి, అంటే అనంతపురం వాళ్ళు బెంగళూరు ఎస్పీ రోడ్డుకో, కర్నూలు వాళ్ళు సికింద్రాబాద్ సీటీసీకో పోతే పైన చెప్పినవన్నీ కొట్లోనే నిలబడి చూసుకోవచ్చు, తువ్వాల, అయస్కాంతం జేబులో వేసుకుపోండి. బస్సులో తెచ్చేటప్పుడు గాజు రేకు ఊడదీసి, బట్టలో చుట్టి వేరేగా ఒళ్ళో పెట్టుకోండి, క్యాబినెట్ మాత్రం దాని అట్టపెట్టెలోనే, థర్మాకోల్ తియ్యకుండా. ఆన్‌లైన్‌లో అయితే విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, వాపస్ గడువు అయిపోయేదాకా ఆ అట్టపెట్టె పారేయొద్దు, టార్చ్ పరీక్ష, మెలిపెట్టే పరీక్ష ఆ గడువు లోపలే చేసేయండి.